వాతావరణ నిధుల ఒప్పందంపై సంతకం పెట్టే ముందు

గడువు దగ్గరపడితే టెన్షన్ మామూలే. అయినా ఆదివాసీ, స్థానిక సంఘాలు ఇవి చూసుకోవాలి.

– కార్బన్ హక్కులు (అడవి పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకునే హక్కు) ఎవరి పేరిట, ఎన్నేళ్లు? కొన్ని ఒప్పందాలు 30, 40 ఏళ్లు నడుస్తాయి. ఇప్పుడు రాసిచ్చేస్తే రేపు మీ పిల్లలు అడవిలో మేతకీ, వంటచెరకుకీ అనుమతి అడగాల్సి రావచ్చు. మధ్యలో తప్పుకునే దారి లేని కాగితమైతే, డబ్బు ఎంతైనా ఆగండి.

– నిధి ఎన్ని చేతులు మారుతోంది? 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో దాతలు ఇలాంటి సంఘాల కోసం 170 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ ఏడాది ఖర్చయిన దానిలో సంఘాలకు నేరుగా చేరింది 7 శాతమే! మధ్యవర్తి వాటా అంకెల్లో రాయించండి.

– మీటింగ్ హాజరు పట్టీ మీద సంతకాన్నే ఒప్పందానికి సమ్మతిగా చూపించొచ్చు. పైన ఏం రాశారో చదివాకే పెట్టండి.

– ముందు మీరు ఖర్చుపెట్టి తర్వాత బిల్లులు ఇమ్మంటే, అడ్వాన్స్ అడగండి. చిన్న సంఘం అప్పుల పాలయ్యేది ఇక్కడే.