థీసిస్ ఇచ్చేముందు ఒక పేరా కాపీ చేసి చూడండి

వైవా అయిపోయింది, స్వీట్లు పంచేశారు, ఇక లైబ్రరీలో సీడీ పడేసి చేతులు దులుపుకుందాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. పీహెచ్‌డీ థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ కూడా ఇవ్వాలని యూజీసీ 2009లోనే నిబంధన పెట్టింది. ఆ కాపీ గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ అనే థీసిస్‌ల ఆన్‌లైన్ భండారంలోకి వెళ్తుంది, అక్కడ ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. అప్‌లోడ్ మామూలుగా లైబ్రరీ వాళ్లే చూసుకుంటారు, మనం ఫైళ్లు సరిగ్గా ఇస్తే చాలు. తెలుగులో థీసిస్ రాసినవాళ్లం దెబ్బతినేది అక్కడే.

మీ పీడీఎఫ్ తెరిచి, మధ్యలో ఏదో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే మంచిదే. యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో) చేసినా అక్కడక్కడ ఒత్తులు చెదరొచ్చు, మాట గుర్తుపట్టేలా ఉంటే దానికి టెన్షన్ పడకండి. అలా కాకుండా మొత్తం పిచ్చి గుర్తులే వచ్చాయంటే మాత్రం మీ డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టాడన్నమాట. కంటికి అది తెలుగే, కంప్యూటర్‌కి కాదు, కాబట్టి లోపలి విషయం గూగుల్‌లో ఎంత వెతికినా తగలదు. నాదీ అదే కథ, ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి రాసిన నా వాక్యం నాకే దొరకలేదు.

ఏం చేయాలంటే, డీటీపీ వాళ్ల దగ్గర అసలు ఫైలు తీసుకుని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి, ఆ తర్వాత కూర్చుని ప్రూఫ్ చూడండి, ముఖ్యంగా పద్యాలు, సంయుక్తాక్షరాలు. విసుగు పుట్టే పనే, తప్పదు. అంత టైం లేదంటే కనీసం శీర్షిక, సారాంశం, కీవర్డులు యూనికోడ్ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ టైపు చేసి ఇవ్వండి, వెతికేవాళ్లకి ముందు తగిలేవి అవే.

ఫైళ్లు అధ్యాయానికొకటి, పాస్‌వర్డ్ లేకుండా ఇవ్వండి. ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు: అనుబంధంలో మీకు కథలు, పాటలు చెప్పిన పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు ఉంటాయి కదా, అవి తీసేయండి. వాళ్లు మాట్లాడింది మీతో, ఇంటర్నెట్‌తో కాదు.

జర్నల్‌లో వచ్చిన వ్యాసాల సంగతి వేరు. ప్రచురణకర్త ముద్రించిన పీడీఎఫ్‌ని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. సవరణలన్నీ అయ్యాక మీరు పంపిన ఆఖరి రాతప్రతికి చాలాచోట్ల అనుమతి ఉంటుంది, అదీ కొన్నిసార్లు గడువు తర్వాతే. ఆ జర్నల్ విధానం ఓపెన్ పాలసీ ఫైండర్ వెబ్‌సైట్‌లో (పాత పేరు షెర్పా రోమియో) చూసుకోండి. అనుమతి ఉంటే, మీ యూనివర్సిటీకి సొంత రిపాజిటరీ (ఆన్‌లైన్ భండారం) లేకపోయినా యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు కూడా వస్తుంది.

తర్వాత ఎవరైనా థీసిస్ అడిగితే డ్రైవ్ లింక్ పంపకండి, అకౌంట్ పోతే అదీ పోతుంది. శోధగంగ పేజీలో 10603తో మొదలయ్యే హ్యాండిల్ నంబరుతో ఒక శాశ్వత లింక్ ఉంటుంది, అది పంపండి.