గేమ్ నైట్‌లో నవ్వించే స్కిట్లు వేయడం ఎలా?

అంత్యాక్షరి, డంబ్ షరాడ్స్ అయ్యాక ఎవరో ఒకరు "స్కిట్ వేద్దాం రా" అంటారు. నలుగురు లేస్తారు, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, రెండు నిమిషాలకల్లా తమలో తామే నవ్వుకుంటూ కూలబడతారు. జోకులు లేక ఇలా అవుతుందనుకుంటారు గానీ, అసలు లోపం వేరు. స్కిట్‌లో ఒకరికి ఏదో ఒకటి గట్టిగా కావాలి, ఇంకొకరు దానికి అడ్డుపడాలి. ఆ లాగులాట కుదిరితే మామూలు మాటలకే నవ్వొస్తుంది.

ముందు లెక్క

ఎనిమిది మంది ఉంటే నలుగురేసి రెండు జట్లు. స్కిట్ 3 నుంచి 4 నిమిషాలు, తయారీకి 15 నిమిషాలు. గంట ఇచ్చారో, జట్టుకి పేరు పెట్టడంలోనే ముప్పావుగంట గడిచిపోతుంది. ముగ్గురు మాట్లాడితే చాలు. నాలుగో మనిషి తలుపో, లిఫ్టో, రోడ్డుకడ్డం పడుకున్న గేదో కావచ్చు. తరచూ ఎక్కువ చప్పట్లు ఆ గేదెకే పడతాయి.

డైలాగులు రాసుకోవద్దు. రాసుకుంటే ఒప్పజెప్పినట్టు వినబడుతుంది. చీటీ మీద నాలుగు ముక్కలు చాలు: ఎక్కడ, ఎవరికి ఏం కావాలి, ఎవరు ఎందుకు కుదరనివ్వరు, చివరి మాట ఏది. వీటిలో చివరి మాటనే అన్నిటికంటే ముందు తేల్చుకోండి. అది లేని స్కిట్ "ఇంక అంతే" అంటూ తల గోక్కోవడంతో ముగుస్తుంది.

షేర్ ఆటో

మొదటిసారి వేసేవాళ్ళకి ఇది సులువు. ముందు ఒక స్టూలు, దాని వెనక పక్కపక్కనే మూడు కుర్చీలు. హ్యాండిల్‌కి చపాతీ కర్ర. పెళ్ళికొడుకు నుదుటికి కాగితంతో చేసిన బాసికం. ఇంతకుమించి సామాను వద్దు. చోటు విజయవాడ.

డ్రైవరు "బెంజి సర్కిల్, పటమట, ఆటోనగర్!" అని అరుస్తుంటాడు. పెళ్ళికొడుకు పరుగున వచ్చి ఎక్కుతాడు. ముహూర్తం ఇంకో ఇరవై నిమిషాల్లో, పటమటలో. డ్రైవరు ఎంతో మర్యాదగా "ఒక్కరు ఎక్కితే బయల్దేరడమే అన్నా" అంటాడు. ఒకరు ఎక్కుతారు, ఆటో కదులుతుంది, పది అడుగులకే బ్రేకు. "ఇంకొక్కరు అన్నా." మళ్ళీ కదలడం, మళ్ళీ బ్రేకు. మూడోసారి డ్రైవరు దిగి, చూస్తున్నవాళ్ళలో ఒకరిని చెయ్యి పట్టి లాక్కొస్తాడు. వెనక చోటు లేదు, అందుకని తన స్టూలు మీదే కూర్చోబెడతాడు. ఇప్పుడు తనకి చోటు లేదు. కాసేపు చుట్టూ చూసి, ఆటో పక్కన వేలాడుతూ, స్టూలు మీదున్న మనిషిని అడుగుతాడు: "అన్నా, బెంజి సర్కిల్‌కి ఎంత?" అక్కడితో ఆపేయాలి. ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దు.

బ్రేకు పడగానే అందరూ ఒక్కసారే ముందుకి తూలాలి. డ్రైవరు కాలు టప్పున నేలకి కొట్టడమే గుర్తు. తయారీ సమయంలో ఎక్కువ భాగం దీనికే పెట్టండి. ఒక్కరు ఆలస్యంగా తూలినా పస పోతుంది. ఇక పెళ్ళికొడుకు కంగారు నిజంలా ఉండాలి. అతను నవ్వాడా, చూసేవాళ్ళు నవ్వడం మానేస్తారు. నవ్వు ఆగనివాళ్ళు ఎదుటివాడి కళ్ళలోకి కాకుండా కనుబొమల మధ్య చూస్తూ మాట్లాడితే కొంత మేలు.

ఫోన్లో ఆవకాయ

ఇద్దరికి సరిపోతుంది, సిగ్గరులకి మరీ అనుకూలం. వీపుకి వీపు ఆనించి రెండు కుర్చీలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి కొలతలు కావాలి. గుంటూరులో ఉన్న అమ్మ నోటివెంట అంకె రాదు.

"ఆవపిండి ఎంత వెయ్యాలమ్మా?"
"కారానికి తగ్గట్టు వెయ్యి నాన్నా."
"కారం ఎంత?"
"ఆవపిండిని చూసుకుని వెయ్యాలి."
"ఉప్పు?"
"అది నీకే తెలుస్తుందిలే."

కొడుకు ప్రతి ప్రశ్నకీ గొంతు ఒక మెట్టు పెంచాలి, అమ్మ మాత్రం అదే నెమ్మదితో ఉండాలి. ఆఖరికి అతను "ఒక్కటంటే ఒక్క అంకె చెప్పమ్మా!" అని ఏడుపు గొంతుతో అడిగితే, ఆవిడ ఠకీమని "నూట నలభై మూడు. నువ్వు ఇంటికొచ్చి అన్ని రోజులైంది" అని పెట్టేస్తుంది.

బుర్రకథ వరస

గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోగించారు. ఆ అమరిక గేమ్ నైట్‌కి అతికినట్టు సరిపోతుంది: మధ్యలో కథకుడు, ఇరువైపులా వంతలు, అంటే వంత పాడేవాళ్ళు, వాళ్ళలో ఒకరిది హాస్యం. వీరగాథ చెప్పే గొంతుతో అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటారు కథ చెప్పండి. "మూడో అంతస్తు సుబ్బారావు ముఖమునకు సబ్బు రాసెను" అంటే వంతలు "తందాన తాన". "కుళాయి తిప్పగ గాలి తప్ప నీరు రాకపోయెను", "తందాన తాన". హాస్యం వంత ఆపి "మరి కళ్ళు ఎట్టా తెరుస్తాడన్నా?" అని అడగాలి. కథకుడికి కోపం రావాలి. రెండు స్టీలు గిన్నెలు బోర్లిస్తే వంతలు వాయించే డక్కీలు సిద్ధం.

స్కిట్‌నే ఆటగా మార్చాలంటే మూడు గిన్నెల్లో చీటీలు వేయండి: చోటు, మనిషి, కావలసింది. గిన్నెకి పది చీటీలు. మిర్చి యార్డు, పెళ్ళిళ్ళ పేరయ్య, సంబంధం ఖాయం చేయడం అని వచ్చాయనుకోండి, పని సగం అయినట్టే: "అబ్బాయి జీతం నెలకి... హాచ్!" అంకె దగ్గరే తుమ్ము రావాలి, ప్రతిసారీ.

ఎక్కడ చెడుతుంది

సీలింగ్ ఫ్యాను ఫుల్లులో తిరుగుతుంటే మెల్లగా అన్న మాట వినబడదు. వేగం తగ్గించండి, లేదా గొంతు పెంచండి. జనం నవ్వుతుండగా తర్వాతి మాట అనేస్తే అది గాల్లో కలిసిపోతుంది. నవ్వు సగానికి దిగేదాకా ఆగాలి. సీమ యాసనో తెలంగాణ యాసనో వెక్కిరించడం, ఒకరి లావునో రంగునో పట్టుకోవడం వద్దు. గదిలో ఆ ఒక్కరు నవ్వకపోతే మిగతావాళ్ళూ ఇబ్బంది పడతారు. మగవాడికి చీర కట్టి అదే జోకు అనుకోవడం కూడా పాతబడింది.

బజ్జీల పళ్ళెం వస్తుండగా మాత్రం స్కిట్ మొదలుపెట్టకండి. గెలిచేది బజ్జీయే.

డాబా మీద ఆడుతుంటే గోల ఎక్కువయ్యే ఆటోని, బుర్రకథని ముందే కానిచ్చేయండి. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. అప్పటికి ఆవకాయ ఫోన్ మిగిలితే కింది అంతస్తు వాళ్ళు పైకి రారు.