పదితో ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు కాగితాల సంచి విప్పండి

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు ఊళ్ళల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట "ఇంగ ఈ వయసులో సదువేందన్నా". అనేది ఎవరంటే, పది పాసై పెళ్ళితో ఆగినవాళ్ళు, ఏటా సుగ్గికి, అంటే పంటకోతల కాలానికి, గుంటూరు వైపు మిరపకోతకు పోయే ఇళ్ళలో పుట్టి తరగతి మధ్యలోనే బడి మానినవాళ్ళు. వీళ్ళెవరూ తెలివి లేక ఆగలేదు. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు కూడా పాఠాలు రాక ఆగడం నేను తక్కువ చూశాను, కాగితాల దగ్గర ఆగడమే ఎక్కువ. అందుకే ఏ కోర్సు అని అడిగే ముందు ఇంట్లో సంచి విప్పండి.

పదో తరగతి మెమో, టీసీ, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూడండి. మెమోలో ఈరమ్మ అని ఉండి ఆధార్‌లో వీరమ్మ అని ఉన్నా, పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తగారింటి పేరు ఎక్కినా ఇబ్బందే. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే డీఈబీ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) కావాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (మన చదువు మార్కుల ఖాతా నంబరు), అది డిజిలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆధార్‌తో తీసుకోవాలి. పేర్లు కలవకపోతే అడ్మిషన్ కూడా అక్కడే ఆగుతుంది. మెమోలో పేరు మార్పించడం కష్టం కాబట్టి ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించుకోండి, కానీ ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, అందుకే ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద మీరే చదివి ఓకే చెప్పండి. మెమో పోయుంటే మీరు చదివిన స్కూలు హెడ్మాస్టర్‌ను కలిస్తే డూప్లికేట్‌కు ఎలా అప్లై చేయాలో చెప్తారు.

ఇంటర్ లేనివాళ్ళకు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మనం ఓపెన్ స్కూల్ అనేది, ఉంది. పది కూడా లేకపోతే అదీ ఇక్కడే రాయొచ్చు, వయసు ఎక్కువైందని ఎవరూ వెనక్కి పంపరు. ప్రభుత్వ హైస్కూళ్ళలో, జూనియర్ కాలేజీల్లో స్టడీ సెంటర్లుంటాయి, క్లాసులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో పెడతారు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు, కాబట్టి ఐదూ ఒకేసారి రాయాలని టెన్షన్ పడకుండా మొదట రెండు మూడు పట్టుకోండి. పెద్ద పరీక్షలు ఎండాకాలం మొదట్లోనే వస్తాయి, సుగ్గికి పోయే ఇళ్ళవాళ్ళు అప్పటికి ఇంకా ఊరికి రాకపోవచ్చు. ఫీజు కట్టే రోజే స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌కు ఆ మాట చెప్పి, పరీక్షల వారం తిరిగిరావడానికి బస్ ఖర్చు పక్కన పెట్టుకోండి, కుదరదనుకుంటే సప్లిమెంటరీ తేదీలు అడగండి.

ఇంటర్ లేకుండానే డిగ్రీ అనేవాళ్ళుంటారు. నేనైతే ఇంటర్ చేయమనే చెప్తాను, ఎందుకంటే తర్వాత ఉద్యోగానికో బీఈడీకో పది, ఇంటర్, డిగ్రీ వరుసగా అడిగినప్పుడు మధ్యలో ఖాళీ ఉంటే ఏడ్చేది మనమే.

రోజూ కాలేజీకి పోగలిగితే కర్నూలు సిల్వర్ జూబ్లీ, మహిళలకు కేవీఆర్, అనంతపురంలో 1916 నుంచీ నడుస్తున్న ఆర్ట్స్ కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీలే చూడండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీ ఊరి సచివాలయంలో ముందే తీసుకోండి.

పని మానలేనివాళ్ళకు దూరవిద్యే దారి. 1985లో పెట్టిన ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, జనవరిలో, జులైలో అడ్మిషన్లు, పై వయోపరిమితి లేదు, మూడేళ్ళ బీఏను ఆరేళ్ళ వరకూ సాగదీయొచ్చు. చాలా కోర్సుల్లో మార్కుల్లో 30 శాతం ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. ఒకే చిక్కు, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. తెలుగు మీడియం కావాలంటే మన రాష్ట్ర యూనివర్సిటీల దూరవిద్య వైపు చూడండి, కానీ ఆ ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ డీఈబీ లిస్టులో చూశాకే ఫీజు కట్టండి.

మా వీధిలో అంగన్‌వాడీ ఆయాగా చేసే అక్క మొదటి అసైన్‌మెంట్ రాసిన రాత్రి నాకింకా గుర్తు. పిల్లలు పడుకున్నాక బియ్యం డబ్బా మూత మీద కాగితాలు పెట్టుకుని కూర్చుంది, నాలుగో పేజీకి వేళ్ళు బిగుసుకుపోయాయి. ఇరవై ఏళ్ళుగా పెన్ను పట్టని చెయ్యి అది. తనకు చదువు రాదేమోనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రోజుకు ఒక్క పేజీ చాలక్కా అన్నాను, అలాగే నెలన్నరలో అన్నీ పూర్తిచేసింది. మీరు కూడా అడ్మిషన్ తీసుకున్న రోజు నుంచే రోజుకో పేజీ ఏదో ఒకటి రాయండి, పరీక్షలో మూడు గంటలు రాయడానికి చెయ్యి అలవాటు పడాలి కదా.

ఒక్క ఏడాదిలో డిగ్రీ, పాస్ గ్యారంటీ అనే ఏజెంట్ల దగ్గరికి పోవద్దు. మా తమ్ముడు అలాంటి ఏజెంటు ఒకడికి డబ్బులు కట్టి ఒరిజినల్ మెమో కూడా చేతిలో పెట్టాడు, డబ్బు రాలేదు, మెమో కోసం ఆర్నెల్లు తిరిగాం. డిగ్రీ అంటే కనీసం మూడేళ్ళు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులే.

హాల్ టికెట్ రాగానే సెంటర్ ఏ ఊళ్ళోనో చూసి, ఆ రోజుల్లో పిల్లల్ని ఎవరు చూసుకుంటారో, పొద్దున్నే వంట ఎవరు చేస్తారో అత్తతోనో ఆడబిడ్డతోనో అప్పుడే మాట్లాడుకోండి, పరీక్ష ముందు రోజు రాత్రి దాకా ఆగొద్దు.