పాలీ బుష్‌లు కిర్రుమంటుంటే నేను చేసింది

కారు సస్పెన్షన్ కీళ్ళలో ఇనుప భాగాల మధ్య మెత్తగా ఉండే పాత రబ్బరు బుష్‌లు తీసేసి, గట్టిగా ఉండే పాలీయురెథేన్ (పాలీ) బుష్‌లు వేయించుకున్నాక నెల కూడా తిరగలేదు. స్టీరింగ్ బిగువుగా మారిందని సంబరపడుతుండగానే, స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ పాత తలుపు తెరిచినట్టు కారు కిర్రుమనడం మొదలైంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా తీసుకుని కిందకు దూరి, కనబడిన బుష్ మీదల్లా కొట్టేశాను. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు మళ్ళీ అదే, ఇంకాస్త గట్టిగా. ఆ పల్చటి నూనె, లోపల మిగిలిన కొద్దిపాటి గ్రీజును కూడా కడిగేసింది మరి.

కంపెనీ రబ్బరు బుష్‌లో సాధారణంగా మధ్యనుండే ఇనుప గొట్టం రబ్బరుకు అతుక్కునే ఉంటుంది. చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్ కదిలితే రబ్బరు మెలితిరుగుతుంది, అంతే. ఏదీ దేని మీదా జారదు. పాలీ బుష్‌లు చాలావరకు అలా కాదు, గొట్టం బుష్ లోపల తిరుగుతుంది. మధ్యలో గ్రీజు ఎండిపోతే ఆ రెండూ అంటుకోవడం, ఒక్కసారిగా జారడం, మళ్ళీ అంటుకోవడం. బోర్డు మీద సుద్దముక్క కీచుమనేది కూడా ఇందుకే.

ముందు ఏ బుష్ అరుస్తోందో పట్టుకోవాలి. స్ప్రే సీసాలో మామూలు నీళ్ళు పోసుకోండి. ఒకరు బానెట్ మూల మీద బరువేసి కారును కిందకీ పైకీ ఊపుతుంటే, మీరు పక్కన కూర్చుని చక్రం సందులోంచి ఒక్కో బుష్‌ను తడపండి. దేన్ని తడిపితే శబ్దం ఆగిందో దొంగ అదే. ఒకటి తడిపాక కాసేపు ఆగి రెండోదానికి వెళ్ళండి, లేదంటే అంతా కలగాపులగం అవుతుంది. నేను లోయర్ ఆర్మ్ అని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. తీరా చూస్తే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఒరిగిపోకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) బుష్. ఆ బార్ తన బుష్‌లో నేరుగా తిరుగుతుంది కాబట్టి ముందుగా దాన్నే అనుమానించడం మంచిది.

బార్ బుష్ పని ఇంట్లో చేసుకోదగ్గదే. ముందువైపు రెండు చక్రాలూ సమానంగా లేచి ఉండాలి. ఒక్క వైపే లేపితే బార్ మెలిపడి ఉంటుంది, బ్రాకెట్ బోల్టు విప్పగానే ఎగురుతుంది. జాక్ మీద నిలబెట్టిన కారు కిందకు మాత్రం వెళ్ళకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. నా కారుకు 14 నంబర్ సాకెట్ సరిపోయింది. బ్రాకెట్ ఊడదీస్తే బుష్‌కు ఒక పక్క చీలిక కనిపిస్తుంది, అక్కడ విప్పదీసి బార్ మీంచి లాగేయొచ్చు. బార్ మీద మట్టి, తుప్పు ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది, గుడ్డతో తుడిచేయండి. ఇసుక రేణువులు మిగిలాయంటే మీరు పెట్టే గ్రీజు రుద్దుడు పేస్టులా పనిచేస్తుంది.

గ్రీజు విషయంలో కక్కుర్తి పడకండి. బుష్‌లతో పాటు చిన్న ప్యాకెట్ వస్తే అదే వాడండి. లేకపోతే నీళ్ళకు కొట్టుకుపోని, చిక్కటి సిలికోన్ గ్రీజు కొనండి. పెట్రోలియం గ్రీజు పక్కనే ఉన్న రబ్బరు తొడుగులకు (బూట్లకు) తగిలితే అవి ఉబ్బి పాడవ్వొచ్చు. బ్రేక్ డిస్క్ మీద ఏ గ్రీజూ పడకూడదు. బుష్ లోపలి గాడులన్నీ నిండేలా పూసి, బార్ మీద కూడా పల్చగా రాసి బిగించండి. నేను బార్‌కు నల్లా పైపులకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు కూడా నాలుగు చుట్లు చుట్టాను. కొన్నాళ్ళకు అరిగిపోతుంది, కానీ ఈలోగా గ్రీజుకు సాయంగా ఉంటుంది.

లోయర్ ఆర్మ్ బుష్ అయితే ఆర్మ్ దించాలి, ఓపిక లేకపోతే మెకానిక్‌కే వదిలేయండి. కానీ రెండు విషయాలు దగ్గరుండి చూసుకోండి. ఒకటి, గొట్టం పాలీ అంచుల కంటే వెంట్రుకవాసి ఎక్కువ పొడుగ్గా ఉండాలి. పొట్టిగా ఉంటే బోల్టు బిగించినప్పుడు పాలీయే నలిగిపోతుంది, ఇక ఎంత గ్రీజు పోసినా లాభం లేదు. రెండోది చాలామంది మరిచేది: గ్రీజు రంధ్రంలోనే కాదు, బ్రాకెట్‌కు రాసుకునే రెండు పక్క ముఖాలకూ పూయాలి. నా బార్ బుష్ బాగయ్యాక వారానికే కుడివైపు లోయర్ ఆర్మ్ బుష్ సన్నగా కీచుమంది. అక్కడ లోపలంతా గ్రీజే, పక్కలు మాత్రం ఎముకలా ఎండి ఉన్నాయి.

మీరు వేసినవి రబ్బరు బుష్‌లే అయితే కథ వేరు. కారు గాల్లో ఉండగా బోల్టు గట్టిగా బిగించేస్తే, కిందకు దించగానే రబ్బరు మెలిపడిపోయి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అందుకని బోల్టు వదులుగా ఉంచి, చక్రాల మీద బరువు పడ్డాకే, సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు ఆఖరి బిగింపు ఇవ్వాలి.

ఇంత చేసినా శబ్దం అక్కడే ఉంటే బుష్‌లను వదిలేసి సస్పెన్షన్‌లోని మిగతా భాగాలు, అంటే బాల్ జాయింట్, లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్ పై మౌంట్ చూడండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు పైనా కిందా పట్టుకుని ఊపితే వదులుగా కదిలిందంటే అది శబ్దం గొడవ కాదు, బండి తీయకుండా ముందు బాగు చేయించాల్సిన పని.