వెయిటింగ్ లిస్టులో వంతు ఎవరిదో ముందు తేల్చండి

ప్రభుత్వాసుపత్రి సర్జరీ విభాగంలో ఆపరేషన్ల వెయిటింగ్ లిస్టు చూసే పని నాది. ఈ పని కొత్తగా చేతికొచ్చిన వాళ్లు అందరూ అడిగేది ఒకటే: "థియేటర్లు పెరగవు, డాక్టర్లు పెరగరు, మరి లిస్టు తగ్గించేదెలా?" ముందు ఆ లిస్టు నిజం చెబుతోందో లేదో చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని లిస్టులో వేరేచోట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఊరు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు, రెండుసార్లు ఎక్కిన పేర్లు అన్నీ కలిసి ఉంటాయి.

శుభ్రం చేయడానికి ఫోన్లే దారి. కానీ ఫోన్ చేసే ముందు ఆసుపత్రి రికార్డుల్లో మరణాలు సరిచూసుకోండి. పోయిన మనిషికి ఆపరేషన్ కావాలా అని ఇంట్లోవాళ్లను అడగడం కంటే ఘోరం ఉండదు. ఫోన్ ఎత్తగానే "మీకు ఆపరేషన్ ఇంకా అవసరమా?" అనకండి. పేరు తీసేయడానికే చేశారని భయపడి "అవసరమే, అవసరమే" అంటారు. "ఇప్పుడెలా ఉంది? నొప్పి పెరిగిందా? ఈలోగా ఎక్కడైనా చూపించుకున్నారా?" అని అడగండి. అసలు సంగతి వాళ్లే చెబుతారు. నొప్పి పెరిగిందన్నవాళ్ల వివరాలు ఆ రోజే డాక్టరుకు చేరాలి. ఒకసారి ఫోన్ ఎత్తలేదని పేరు కొట్టేయకండి. పగలొకసారి, సాయంత్రమొకసారి, ఇంకో రోజు మరోసారి చేయాలి. ఆపైన ఉత్తరం రాయాలి. అప్పటికీ జవాబు లేకపోతే తీసేయాలో వద్దో డాక్టరు నిర్ణయించి సంతకం పెట్టాలి. మనం మాత్రం తీసేయకూడదు.

ప్రతి పేరు పక్కన రెండు గడులు తప్పనిసరి: తర్వాత జరగాల్సిందేమిటి, అది ఎవరి పని. "స్కాన్ రిపోర్టు రావాలి" అని రాసి ఊరుకుంటే ఆ రిపోర్టు ఎన్నటికీ రాదు. ఎవరు తెప్పించాలో పక్కనే ఉండాలి.

ఇక తేదీ. ఎదురుచూపు ఏ రోజు మొదలైందో ఆ తేదీని ఎవరూ మార్చకూడదు. ఆసుపత్రి వల్ల ఆపరేషన్ వాయిదా పడితే పేషెంటును కొత్తగా చేరినట్టు అడుగుకు నెట్టేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది అన్యాయం. వంతు పోకూడదు. ఇంగ్లండ్‌లో లెక్క రిఫరల్ నుంచే, అంటే మొదట చూసిన డాక్టరు పెద్దాసుపత్రికి రాసి పంపిన రోజు నుంచే మొదలవుతుంది: లిస్టులో ఉన్నవాళ్లలో నూటికి 92 మంది ఎదురుచూపు 18 వారాలు దాటకూడదన్నది అక్కడి ప్రమాణం. కొన్నేళ్లుగా ఆ ప్రమాణం అందడం లేదు, అయినా గడియారం మొదలుపెట్టిన చోటు సరైనదే. ఓపీలో, స్కాన్ గది బయట గడిచిన నెలలు కూడా పేషెంటు బాధపడిన నెలలే కదా.

తొందర స్థాయిలు మూడు చాలు. ఆస్ట్రేలియాలో 30 రోజులు, 90 రోజులు, 365 రోజులు అని గడువులు పెట్టుకున్నారు. ఎవరు ఏ స్థాయిలోకి వస్తారో డాక్టరే చెప్పాలి, మార్చాలన్నా డాక్టరే మార్చాలి, కారణం రాయాలి. ఒకే స్థాయిలో ఉన్నవాళ్లలో ముందు చేరినవాళ్లకే ముందు డేట్. వినడానికి ఇంత సులువుగా ఉన్నా అమలు చేయడం అన్నిటికన్నా కష్టం. ఫలానావారి మనిషి, కాస్త ముందుకు జరపమని ఫోన్ వస్తుంది. నేను ఆ ఫోన్ మీద వాదించను. "సరేనండీ, ఎవరు చెప్పారో, వైద్యపరంగా కారణమేమిటో రాసి డాక్టరుగారి సంతకంతో పంపండి" అంటాను. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. నిజంగా ఆరోగ్యం దిగజారిన కేసయితే ఆ కాగితం వెంటనే వస్తుంది, మనం వెంటనే జరుపుతాం. వంతు కచ్చితంగా పాటిస్తే ఒక్క ఆపరేషన్ ఎక్కువ చేయకపోయినా అందరికంటే ఎక్కువకాలం ఆగినవాళ్ల ఎదురుచూపు తగ్గుతుంది.

ఒకే ఆపరేషన్ చేసే సర్జన్లు ఇద్దరుంటే, ఒకరి దగ్గర మూడు వారాలు, ఇంకొకరి దగ్గర ఆరు నెలలు పడుతుంటుంది. మామూలు హెర్నియా, కంటిశుక్లం లాంటివాటికి లిస్టులు కలిపేయండి. ఫలానా డాక్టరే కావాలనే పేషెంటు ఉంటే, ఎంతకాలం ఆగాలో చెప్పి పేషెంటు ఇష్టానికే వదలండి.

లెక్క కూడా వేసుకోవాలి. క్యూల లెక్క మీద జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది: లిస్టులో ఉన్నవాళ్ల సంఖ్యను వారానికి చేరేవాళ్ల సంఖ్యతో భాగిస్తే సగటు ఎదురుచూపు వస్తుంది. లిస్టులో 240 మంది ఉండి, వారానికి 20 మంది చేరుతూ 20 మందికి ఆపరేషన్ అవుతుంటే సగటు ఎదురుచూపు 12 వారాలు. వారానికి 22 మంది చేరుతూ 20 మందికే అయితే ఏడాదికి వందమందికి పైగా పోగుపడతారు. సెలవురోజుల్లో ప్రత్యేకంగా ఆపరేషన్లు పెట్టి ఖాళీ చేసినా మళ్లీ నిండుతుంది. పాత బకాయి తీర్చడం వేరు, వారం వారం లోటు పూడ్చడం వేరు. పై అధికారులకు ఏది కావాలో స్పష్టంగా అడగండి.

లోటు పూడ్చే చోటు చాలాసార్లు రద్దయిన ఆపరేషన్లలోనే దొరుకుతుంది. బల్ల మీదికి ఎక్కించేముందు బీపీ ఎక్కువుందని, షుగర్ అదుపులో లేదని మత్తు డాక్టరు ఆపేస్తే ఆ గంట ఎవరికీ దక్కదు. లిస్టులో చేరిన వారంలోనే ఈ పరీక్షలు చేయించి, సరిచేయాల్సినవి మొదలుపెట్టాలి. డేట్ దగ్గరపడగానే గుర్తుచేసే మెసేజ్, ముందురోజు ఫోన్. ఎవరిదైనా రద్దయితే ఆ చోటు నింపడానికి, కబురందితే వెంటనే రాగలమన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి. వార్డులో డిశ్చార్జి కాగితాలు ఉదయమే పూర్తవాలి, మంచం లేక ఆగిన ఆపరేషన్లు తక్కువేం కాదు.

వారానికోసారి డాక్టర్లు, నర్సులు, మనం కూర్చున్నప్పుడు సగటు జోలికి పోకుండా అందరికంటే పాత పది పేర్లు తీయండి. ఒక్కొక్కరు ఎందుకు ఆగారో చెప్పించండి. గడువు దాటిన సంఖ్య తగ్గించి చూపాలనే ఒత్తిడి వస్తుంది, లొంగకండి. బ్రిటన్‌లో జాతీయ ఆడిట్ కార్యాలయం 2001లో ఇచ్చిన నివేదికలో ప్రభుత్వాసుపత్రులను నడిపే తొమ్మిది ట్రస్టులు లిస్టులను అనుచితంగా దిద్దినట్టు తేలింది. దిద్దిన ప్రతి అంకె వెనక వైద్యం ఆలస్యమైన మనిషి ఉండొచ్చు.

లిస్టులో చేరిన రోజే పేషెంటు చేతికో కాగితం ఇవ్వండి: చేరిన తేదీ, స్థాయి, సుమారు ఎన్ని వారాలు, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరు మోగితే ఎత్తే మనిషి ఎవరో కూడా ఆ రోజే నిర్ణయించండి.