వెల్లుల్లి ముద్ద మానేశాక కూరకు రుచి ఎలా తెచ్చుకున్నానంటే

మాది పర్లాకిమిడి. ఐబీఎస్‌తో (పేగుల పనితీరు గాడి తప్పే సమస్య) కడుపుబ్బరం ఎంతకీ తగ్గకపోతే డైటీషియన్ ‘లో-ఫోడ్‌మ్యాప్’ తిండి, అంటే పేగుల్లో సరిగా అరగక పులిసి గ్యాస్ చేసే కొన్ని పిండిపదార్థాలు తక్కువుండే తిండి, మొదలుపెట్టమన్నారు. ఉల్లి, వెల్లుల్లి మానాలనగానే టెన్షన్ వచ్చేసింది. అల్లం వెల్లుల్లి ముద్ద పడని కూర మా ఇంట్లో లేదు మరి.

మొదట్లో వెల్లుల్లి రెబ్బలు పులుసులో ఉడికించి, తినేముందు ఏరేశాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు (అలాంటి పిండిపదార్థాల్లో ఒక రకం) నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెబ్బలు తీసేసినా అవి పులుసులోకి దిగిపోయాయన్నమాట. ఇప్పుడు రెబ్బల్ని నూనెలో సన్నసెగన ఎర్రబడేదాకా వేయించి, చిన్న ముక్క కూడా మిగలకుండా తీసేసి, ఆ నూనెతోనే పోపు పెడుతున్నా. నీళ్లు పోయకముందే తీసేయాలి. ఆ నూనె ఏ పూటకాపూటే చేసుకోండి, బయట నిలవ ఉంచితే ప్రమాదం.

ముద్దకైతే అల్లం, పచ్చిమిర్చి, ఉల్లికాడల ఆకుపచ్చ భాగం నూరుతున్నా. పక్కింటి ఒడియా పిన్నిగారు బెసర (వాళ్ల ఆవముద్ద) నూరినప్పుడు నా కోసం వెల్లుల్లి వేయకుండా ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చితో విడిగా కాస్త తీసిపెడతారు. మన ఆవపెట్టిన కూరకు అది దగ్గరి చుట్టం! ఇంగువ డబ్బా మీద మాత్రం చదివి కొనండి, కొన్నింటిలో గోధుమపిండి కలుపుతారు, అందులోనూ ఫ్రక్టాన్లుంటాయి.

నాలుగు వారాలకు ఉబ్బరం బాగా తగ్గింది. మానేసినవి ఇప్పుడు ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా తిని చూస్తున్నా.