జాబితాలో లేని పిల్లల నుంచే ప్రణాళిక మొదలుపెట్టండి

టీకా కార్యక్రమానికి నేను రాసిన మొదటి కార్యాచరణ ప్రణాళికలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఏడాది చివర, జాబితాలోని పిల్లల్లో ఎంతమందికి టీకా పడిందో లెక్క తీస్తే 104 శాతం వచ్చింది, అందరం సంతోషించాం. ఆ నెలలోనే, పనికోసం వలస వచ్చి గుడారాలు వేసుకున్న కుటుంబాల్లో తట్టు పాకింది. ఆ పిల్లలు మా జాబితాలోనే లేరు. శాతం నూరు దాటిందంటే మొత్తం పిల్లల లెక్కే తప్పని ఆరోజు తెలిసొచ్చింది.

అందుకే మొదటి వారమంతా లెక్కకే ఇవ్వండి. జనన నమోదు, ప్రసవాల రిజిస్టరు, ఇంటింటి సర్వే పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకే అంకె చెప్పవు. ఎక్కడ తేడా ఉంటే అక్కడికి నడిచి వెళ్లండి. చేత్తో గీసిన పటమైనా చాలు. మనం ఎవరిల్లు వదిలేశామో అక్కడి తల్లులకు తెలుసు, వాళ్లనే అడగండి.

తర్వాత కారణం వెతకాలి. ఇక్కడే చాలామంది తొందరపడి 'అవగాహన సదస్సులు' అని రాసేస్తారు. ముందు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల నుంచి కాపాడే టీకా, మూడు డోసులుగా వేస్తారు) మొదటి, మూడో డోసుల అంకెలు చూడండి. 200 మందిలో 120 మందికి మొదటి డోసే పడలేదనుకోండి, మనమే వాళ్ల దాకా వెళ్లలేదన్నమాట. శిబిరం దూరమై ఉంటుంది, లేదా వేళ కుదిరి ఉండదు. అలాకాక 180 మంది మొదటిది వేయించుకుని, మూడోదానికి 126 మందే వస్తే 54 మంది మధ్యలో ఆగిపోయారు, అంటే 30 శాతం. ఇది 10 శాతం దాటితే మన పనితీరులోనే లోపం వెతకాలి. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పామా? జ్వరం రావచ్చని ముందే హెచ్చరించామా? వాళ్లు వచ్చిన రోజు టీకా ఉందా? మొదటి చిక్కుకు కొత్త శిబిరం కావాలి, రెండోదానికి మనం మాట్లాడే పద్ధతి మారాలి.

లక్ష్యంలో ఎవరికి, ఎంత, ఎప్పటికి అన్నవి ఉండాలి. తట్టు ఆగాలంటే రెండు డోసులూ కనీసం 95 శాతం మందికి అందాలి, అదీ ప్రతి పేటలోనూ. మొత్తం సగటు 95 ఉన్నా ఒక పేటలో 40 ఉండొచ్చు, తట్టు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

సామగ్రి లెక్క ఓపికగా వేయండి. తట్టు టీకా పది డోసుల సీసాలోని పొడిలో ద్రావకం కలిపాక 6 గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. వృథా 40 శాతం అనుకుంటే 100ని 60తో భాగించండి, 1.67 వస్తుంది. దాంతో పిల్లల సంఖ్యను గుణిస్తే, ఒక్కో డోసు చొప్పున 300 మంది పిల్లలకు సుమారు 500 డోసులు, అంటే 50 సీసాలు తెప్పించాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాల్సిందే. ఆ వృథాను ముందే ప్రణాళికలో రాయకపోతే నర్సు భయపడి, పదిమంది పోగయ్యాక రమ్మని తల్లిని పంపేస్తుంది. ఆ తల్లి మళ్లీ రాకపోవచ్చు.

ప్రతి పని ఎదురుగా ఒక మనిషి పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే చేసే ఇంకొకరి పేరు, తేదీ, రవాణా ఖర్చుతో సహా డబ్బు రాయండి. 'బృందం' అని రాసిన పనులు మిగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నెలనెలా కూర్చుని సమీక్షించండి. నేనైతే ముందు ఒకటే అడుగుతాను, ఈ నెల జాబితాలోకి కొత్తగా ఎక్కిన పిల్లలెవరని. ఒక్కరూ లేరంటే మర్నాడు పొద్దున్నే పటం పట్టుకుని బయల్దేరతాం.